మూడోసారి అడగని ఆఫీసు

మా పక్కింటి అమ్మాయి ఈ ఏడు హైస్కూల్ సీనియర్, అంటే ఆఖరి ఏడాది. కాలేజీలకు అప్లై చేసుకుంటూ, ఒక సాయంత్రం లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. "ఆంటీ, మీరు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీస్‌లో వర్క్ చేశారంట కదా. అక్కడ అసలు ఏం చేస్తారు?" అని అడిగింది.

"అడుగుతాం" అన్నాను.

"అడిగి?"

"వాళ్లు చెప్పింది రాసుకుంటాం."

"అంతేనా?" అని ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది. జీవితంలో సగభాగం చేసిన ఉద్యోగం రెండు ముక్కల్లో తేలిపోయేసరికి నాకు ఒళ్లు మండింది. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఒక కథ చెప్పాను. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. మీరు ఇలాంటి అప్లికేషన్లు పిజ్జా తింటూ ఫోన్‌లో నొక్కేసేవాళ్లు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని, కళ్లలోకి చూస్తూ, "మీకు సాయం కావాలా?" అని అడిగితే గొంతులో ఏం అడ్డం పడుతుందో మీకు తెలిసే అవకాశం లేదు.

ఎనభైల మొదట్లో మాట. మా ఆయన ఉద్యోగం వల్ల అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో కాపురం. నేను గుంటూరులో బీకాం చదివి, టైపు హయ్యర్ పాసై ఉన్నాను. డల్లస్ పక్కన ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో, టైపు చూసి ఉద్యోగం ఇచ్చారు. నోరు కూడా చూసి ఉంటే ఇచ్చేవారు కాదేమో. ఆఫీసులో ఉండేది ముగ్గురం. నేను, మా బాస్, సెక్రటరీ పెద్దావిడ.

బాస్ ఆరడుగుల పైచిలుకు టెక్సాస్ మనిషి. వేసవిలో కూడా తోలు బూట్లు, తల మీద టోపీ. ఆయన లోకంలో మాటంటే మాటే. ఊళ్లో ఎవరితోనో చెయ్యి కలిపి, కాగితం ముక్క లేకుండా గుర్రాన్ని కొన్నానని గొప్పగా చెప్పేవాడు. గుర్రానికి ఒక కన్ను కనపడదని తర్వాత తెలిసిందట. అయినా తిరిగి ఇవ్వలేదు, చెయ్యి కలిపాడు కాబట్టి.

మా పని గురించి మీకు తెలియాల్సింది కొంచెమే. ఫీజు కట్టలేని కుటుంబం సాయం కోసం ఫారం నింపి పంపుతుంది, అది ఎక్కడికో వెళ్లి లెక్కలు కట్టించుకుని మా దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత కాలేజీ తన సొంత నిధి నుంచి ఎవరికెంత ఇవ్వాలో మా బాస్ తేలుస్తాడు. దానికి ఆయన ప్రతి కుటుంబాన్నీ పిలిచి స్వయంగా మాట్లాడేవాడు. మనిషి కాగితం మీద ఏమైనా రాస్తాడు గానీ, ఎదురుగా కూర్చుని అడిగితే నిజమే చెబుతాడని ఆయన నమ్మకం. మా తెలుగువాళ్లు ఒక్కరూ తగలనంత కాలం ఆ నమ్మకం బాగానే పనిచేసింది.

సెక్రటరీ పెద్దావిడది ఇంకో తరహా. అందరినీ "హనీ" అంటుంది. వారానికోసారి పెకాన్ పై అని, గింజలు పరిచి కాల్చిన తియ్యటి వంటకం చేసి తెస్తుంది. నేను చేరిన కొత్తలో ఆవిడను మా ఇంటికి భోజనానికి పిలిచాను. ముద్దపప్పు, గోంగూర, కోడికూర, పులిహోర, పెరుగు. ఆవిడ రెండు ముద్దలు తిని "నో, థాంక్యూ హనీ" అంది. నేను వేశాను. "నో, రియల్లీ" అంది. ఇంకాస్త వేశాను. పళ్లెం మీద చేతులు అడ్డం పెట్టింది. ఆ వేళ్ల సందులోంచి నెయ్యి పోశాను. చివరికి ఆవిడ కుర్చీలో వెనక్కి వాలిపోయి, ఊపిరి పీల్చుకుంటూ అడిగింది.

"హనీ, మీ దేశంలో దీన్ని ఆపడం ఎలా?"

"పెద్ద విందుల్లో అయితే ఆకులో తింటాం. అయిపోయాక ఆకు మడిచేస్తాం. మడిచిన ఆకులో ఎవరూ వడ్డించరు" అన్నాను.

ఆవిడ మా స్టీలు పళ్లెం వంక నిరాశగా చూసింది. అది మడతపడేది కాదు మరి. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక మాస్టారు. ఇర్వింగ్‌లో ఒక అమెరికన్ చర్చి వాళ్లు ఆదివారం వాళ్ల ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం వెనక హాలు మా తెలుగువాళ్లకు ఇచ్చేవారు. పది పన్నెండు కుటుంబాలం ఉండేవాళ్లం. అందులో మాస్టారిది ఒకటి. తెనాలి వైపు హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన మనిషి. ఆయన భార్య నర్సు. నర్సులకు ఇక్కడ గిరాకీ ఉందని ఆవిడ ముందు వచ్చింది, మాస్టారూ, అప్పటికి చిన్నపిల్లగా ఉన్న కూతురూ వెనక వచ్చారు. ఆవిడకు వృద్ధాశ్రమంలో ఉద్యోగం. మాస్టారికి హార్డ్‌వేర్ షాపు గోడౌన్లో మేకులూ బోల్టులూ పెట్టెల్లో సర్దే పని, అది కూడా గంటలు తగ్గించేశారు. అయినా ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు ఎప్పుడూ ఉండేవి. మేకులను కూడా తరగతుల వారీగా కూర్చోబెట్టేవాడని ఆయన కూతురు నవ్వేది.

ఆ కూతురు మా కాలేజీకి అప్లై చేసింది. కెమిస్ట్రీ అంటే ప్రాణం. సీటు వచ్చింది. ఇంటి నుంచే వచ్చి చదువుకోవచ్చు. కానీ మా కాలేజీ ఫీజు, మా నిధి సాయం లేకుండా, ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి పనిచేసినా కట్టగలిగేది కాదు. నిధి వస్తే చదువు, రాకపోతే లేదు. ఇందులో ఇంకో దారి లేదు.

అది తెలిసిన రోజున నేను ఉత్సాహం పట్టలేక సెక్రటరీ పెద్దావిడతో, "మా అన్నయ్యగారి అమ్మాయి మన దగ్గర అప్లై చేసింది!" అన్నాను. చర్చిలో మేమంతా అన్నయ్యలం, వదినలం, చెల్లెళ్లం. ఇందులో విశేషం ఉందని నాకు తట్టలేదు. పెద్దావిడ వెళ్లి బాస్‌కి చెప్పింది. బాస్ నన్ను పిలిచి, "నీ అన్నగారి కుటుంబం కాబట్టి నువ్వు ఆ మీటింగు దరిదాపులకు రాకూడదు. రూల్" అన్నాడు.

"సొంత అన్న కాదండీ" అన్నాను.

"మరి?"

"అందరూ అలాగే పిలుస్తాం."

"అందరూ అంటే ఎంతమంది అన్నలున్నారు నీకు?"

నేను మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆయన నా మొహం చూసి, చెయ్యి ఊపి, "ఆ రోజు సెలవు తీసుకో" అన్నాడు. అలా, తెలుగు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇంట్లో కూర్చుని బట్టలు మడతపెడుతుండగా, మాస్టారూ మా బాసూ మొదటిసారి ఎదురెదురుగా కూర్చున్నారు.

ఏం జరిగిందో నాకు మాస్టారి నోటినుంచే తెలిసింది. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో టీ, పులిహోర పంచుతున్నారు. మాస్టారు నా దగ్గరికి వచ్చారు.

"వందనాలు చెల్లెమ్మా. మీ ఆఫీసు పద్ధతేమిటో నాకు అంతుపట్టటం లేదు."

"ఏమైంది అన్నయ్యగారూ?"

"మీ దొరగారు పెద్దమనిషి. చాలా మర్యాదగా అడిగాడు, మీకు సాయం ఏమన్నా కావాలా అని. నేనూ మర్యాదగా, నో నో సర్, వి ఆర్ ఫైన్, ఎవరన్నా పేదపిల్లలకివ్వండి అన్నాను."

నా చేతిలో పులిహోర ప్లేటు ఉంది. అది వంగిపోయి, పోపులో పల్లీలు నేలమీద పడడం నాకు తెలుస్తూనే ఉంది.

"అన్నాక?"

"లేచి చెయ్యి కలిపాడు. గట్టిగా కలిపాడమ్మా, వేళ్లు నొప్పెట్టినయ్యి. తర్వాత ఉత్తరం వచ్చింది, మీలాంటి ఉదార హృదయులు అరుదు అని. సరే, బాగానే ఉంది. కానీ..." అని గొంతు తగ్గించారు. "రెండోసారి ఎప్పుడు అడుగుతారమ్మా?"

నాకు నోట మాట రాలేదు. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

"రెండోసారి అడగరు అన్నయ్యగారూ!"

"అడగరా?" మాస్టారు నిజంగా నొచ్చుకున్నారు. "ఒక్కసారి అడిగి ఊరుకుంటారా? అదేం పిలుపు? మొదటిసారికే ఊఁ అంటే మనిషి ఏమనుకుంటాడు? ఎప్పుడు పెడతారా అని కాసుకు కూర్చున్నాడు అనుకోడూ?"

ఆయన భార్య పక్కనే ఉంది. పొద్దున షిఫ్టు చేసి, ఆరాధనకు వచ్చి, మళ్లీ సాయంత్రం షిఫ్టుకు వెళ్లాల్సి ఉందేమో, తెల్ల బూట్లు కూడా విప్పలేదు. "ఈయన సంగతి కొత్తా, వదినా?" అంది. "పెళ్లిచూపులప్పుడు పిల్ల నచ్చిందా అని మా నాన్న అడిగితే, ఇప్పుడేం తొందర్లెండి అన్నారు. మూడోసారి మనిషిని పంపితే గానీ తేలలా. మా నాన్న కాబట్టి ఓపిగ్గా అడిగాడు. ఆ బూట్లాయనకేం ఖర్మ?" అని, ఉన్నట్టుండి కళ్లు తుడుచుకుంది. "ఆ ఉత్తరం తీసుకొచ్చి ఫ్రిజ్ మీద అంటించారు. పాలు తీసినప్పుడల్లా చూస్తన్నా."

కూతురు ఇదంతా వింది. "ఇట్స్ ఓకే ఆంటీ" అంది. "నేను వన్ ఇయర్ గ్రోసరీ స్టోర్‌లో ఫుల్ టైమ్ చేస్తాను. మనీ సేవ్ చేసి, నెక్స్ట్ ఇయర్ వస్తాను."

నాకు అప్పుడు అసలు భయం వేసింది. 'నెక్స్ట్ ఇయర్ వస్తాను' అన్న పిల్లల ఫైళ్లు మా ఆఫీసు అలమరలో ఒక అరంతా ఉండేవి. వాటి మీద దుమ్ము దులిపేదాన్ని నేనే. మళ్లీ తెరిచిన ఫైలు నేను చూడలేదు.

సోమవారం ఉదయం బాస్ టోపీ తీసి బల్ల మీద పెట్టకముందే ఆయన గదిలో నిలబడ్డాను.

"మాస్టారు వద్దనలేదు" అన్నాను.

"అన్నాడు. నా ఎదురుగా అన్నాడు. చెయ్యి కూడా కలిపాడు."

"నో అన్నాడు. కానీ అది నో కాదు."

బాస్ కుర్చీలో కూలబడ్డాడు. "నో అంటే నో కాకపోతే మరేమిటి?"

నేను ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాను. "మా దగ్గర మొదటి నో అంటే 'మీరు మంచివారు' అని. రెండో నో అంటే 'నేనూ మంచివాణ్ణే' అని. మూడోసారి అడిగితే అప్పుడు అసలు విషయం బయటికొస్తుంది. దీన్ని మొహమాటం అంటాం."

ఆ మాటను ఆయన పలకడానికి ప్రయత్నించాడు. "మొహ... మాటో?" అన్నాడు. తలుపు దగ్గర నిలబడి వింటున్న సెక్రటరీ పెద్దావిడ, "ఏదో పచ్చడి పేరులా ఉంది హనీ" అంది.

"మరి మీవాళ్లు ఎస్ అంటే?" అని అడిగాడు బాస్.

నేను కాస్త ఆలోచించి, "అది కూడా ఒక్కోసారి నోనే" అన్నాను. నిజం చెప్పి ఉండాల్సింది కాదు. ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

కానీ మంచి మనిషి. నిధి లెక్క శుక్రవారం మూసేస్తామని, మిగిలిన డబ్బు కాలేజీ ఖజానాకు పోతుందని, ఆ ఖజానా వాళ్లు పచ్చిక తడపడానికి కొత్త స్ప్రింక్లర్లు కొందామని కాచుకుని ఉన్నారని చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆ కుటుంబాన్ని మళ్లీ రమ్మన్నాడు. బల్ల మీది నోట్‌ప్యాడ్ మీద పెద్ద అక్షరాలతో 'మూడుసార్లు' అని రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు. మాస్టారు నా సొంత అన్న కాదని ఈసారి నమ్మాడు కాబట్టి నేను కూడా గదిలో ఉండొచ్చన్నాడు. ఒక షరతు. పిలిస్తే తప్ప నోరు తెరవకూడదు.

అక్కడితో నేను ఊరుకుని ఉంటే ఈ కథ ఇక్కడే సుఖంగా అయిపోయేది. కానీ నాకు కంగారు పట్టుకుంది. బాస్ రెండుసార్లు అడిగి మూడోది మర్చిపోతే? అందుకని గురువారం సాయంత్రం మాస్టారికి ఫోన్ చేశాను.

"అన్నయ్యగారూ, రేపు ఆయన ఏదడిగినా మొదటిసారికే ఎస్ అనేయండి. మీరు నాకు మాటివ్వాలి."

"ఏదడిగినానా?"

"ఏదడిగినా. నో అన్న మాట మీ నోట్లోంచి రాకూడదు."

"నీ మాట కాదంటానా చెల్లెమ్మా" అన్నారు. ఫోన్ పెట్టేసి, నా తెలివికి నేనే మురిసిపోయి నిద్రపోయాను. ఒకరికి వద్దన్నా మూడుసార్లు అడగమని, ఇంకొకరికి అడగ్గానే ఒప్పుకోమని నేర్పి, ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెడితే ఏమవుతుందో అప్పటికి నా బుర్రకు తట్టలేదు.

శుక్రవారం మాస్టారు కోటు వేసుకుని వచ్చారు. బయట ఎండ పేలాలు వేగేట్టుంది. భార్యకు షిఫ్టు, రాలేకపోయింది. కూతుర్ని బయట సెక్రటరీ పెద్దావిడ దగ్గర కూర్చోబెట్టారు. గదిలో మేం ముగ్గురం. నేను మూలన కుర్చీలో పెదవులు బిగించుకుని కూర్చున్నాను.

"కాఫీ తాగుతారా?" అని అడిగాడు బాస్.

"ఎస్" అన్నారు మాస్టారు.

బాస్ ఉలిక్కిపడి నా వంక చూశాడు. ఆయన మూడుసార్లకు సిద్ధపడి ఉన్నాడు. పాలూ చక్కెరా లేని నల్ల కాఫీ వచ్చింది. మాస్టారు జన్మలో కాఫీ తాగరు. ఒక గుక్క తాగి, కషాయం తాగిన పసివాడిలా మొహం పెట్టి, కప్పు కింద పెట్టారు.

"ఇంకొంచెం?"

"ఎస్."



బాస్ గొంతు సవరించుకుని, ముందు పాత సంగతి గుర్తుచేసి తర్వాత అడుగుదామనుకున్నాడు కాబోలు, "పోయినసారి మీరు మేం బాగానే ఉన్నాం అన్నారు" అన్నాడు.

"ఎస్."

"అయితే ఇప్పుడు కూడా బాగానే ఉన్నారా?"

"ఎస్" అన్నారు మాస్టారు, నా వైపు ఓరగా చూస్తూ. చెప్పినట్టే చేస్తున్నాను చూశావా అన్న గర్వం ఆ చూపులో.

బాస్ నోట్‌ప్యాడ్ వంక చూసుకున్నాడు. మూడుసార్లు. "నిజంగానే? మా సాయం లేకుండానే నడిచిపోతుందా?"

"ఎస్ సర్!"

బాస్ రెండు చేతులూ చాచి నా వంక తిరిగాడు. "మూడుసార్లు అడిగాను. నువ్వు చెప్పినట్టే" అన్నాడు. ఆయన మొహంలో విజయం లేదు, విచారమే ఉంది. అది ఇంకా ఘోరం. టోపీ కోసం చెయ్యి చాచాడు.

నా నోరు నా మాట వినే రోజు కాదది. "అన్నయ్యగారూ! దానికి ఎస్ అనకూడదండీ!" అని తెలుగులో అరిచాను.

"ఏదడిగినా అన్నావు కదమ్మా!" అని ఆయన తిరిగి అరిచారు.

ఆ కేకలకు తలుపు తెరుచుకుంది. కూతురు లోపలికి వచ్చింది. తండ్రి వంక చూసి, అమెరికా యాసలో, తప్పులతోనే అయినా తెలుగులో, మెల్లిగా అంది. "నాన్నా, ఎందుకు అలా చెప్తున్నావ్? మనం బాగా లేదు కదా. అమ్మ డబుల్ షిఫ్ట్ చేస్తుంది. నువ్వు లంచ్ తినను. నాకు తెలుసు. నువ్వు తిన్నాను అని చెప్తావ్, కానీ తినను."

మాస్టారు తల వంచుకున్నారు. కోటు బొత్తాం ఒకటి ఊడబోతూ ఉంటే దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. తెలుగు రాని బాస్‌కి కూడా ఏదో అర్థమై, టోపీ మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. నాకు ఆ క్షణాన భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆ పిల్ల ఫైలు దుమ్ము కూడా నేనే దులపాలి కదా అనుకున్నాను.

అప్పుడు సెక్రటరీ పెద్దావిడ పెకాన్ పై పళ్లెంతో లోపలికి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక పెద్ద ముక్క కోసి మాస్టారి ముందు పెట్టింది.

"నో నో, మేడమ్, ఇప్పుడే తినొచ్చాను" అన్నారు మాస్టారు. నాకిచ్చిన మాట ఆయన మర్చిపోయారు. అదీ ఆయన అసలు గొంతు.

పెద్దావిడ వినలేదు. ఫోర్కు చేతిలో పెట్టింది. ఆయన తిన్నారు. ముందు మర్యాదగా ఒక ముక్క, తర్వాత ఆకలిగా మిగిలిందంతా. పళ్లెం ఖాళీ కాకుండానే ఆవిడ రెండో ముక్క ఎత్తింది. ఆయన పళ్లెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టారు. ఆవిడ మణికట్టు పక్కకు తోసి ముక్క జారవిడిచింది. అదీ తిన్నారు.

బాస్ ఇదంతా కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. "అతను వద్దన్నాడు" అన్నాడు.

"అవును. కానీ నేను అడగలేదుగా" అంది పెద్దావిడ. "వీళ్లను అడగకూడదు. వడ్డించాలి. ఈ అమ్మాయి ఇంట్లో చావు తప్పి బయటపడి నేర్చుకున్నాను."

బాస్ కాసేపు ఖాళీ పళ్లెం వంక చూశాడు. తర్వాత టోపీ పక్కకు జరిపి, ఒక కాగితం తీసి, ఏమీ అడక్కుండా దాని మీద ఒక అంకె రాసి, మాస్టారి ముందుకు నెట్టాడు. "సెప్టెంబరులో అమ్మాయిని పంపండి" అన్నాడు.

మాస్టారు ఆ అంకె చూసి గబుక్కున దాని మీద రెండు చేతులూ అడ్డం పెట్టారు. "టూ మచ్ సర్! హాఫ్ ఈజ్ ఇనఫ్!"

బాస్ చేతిలో కలం ఇంకా ఉంది. మాటంటే మాటే అనే మనిషి. ఒంటికన్ను గుర్రాన్ని కూడా తిరిగి ఇవ్వని మనిషి. సగం కొట్టేస్తాడు, అయిపోయింది అనుకున్నాను. ఆయన కలం ఎత్తి, పెద్దావిడ వంక చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, కళ్లతో పెకాన్ పై పళ్లెం చూపించింది.

బాస్ మాస్టారి చేతులు మెల్లిగా పక్కకు జరిపి, ఆ అంకె కింద పుస్తకాల ఖర్చని ఇంకో అంకె వేశాడు.

"చాలు చాలు!" అన్నారు మాస్టారు, ఇంగ్లీషు మర్చిపోయి.

"ఏమంటున్నాడు?" అని నన్నడిగాడు బాస్.

"చాలంటున్నారు."

"అంటే చాలనా, చాలదనా?"

నేను నోరు తెరిచేలోగా మాస్టారు ఆ కాగితాన్ని మధ్యకు మడిచి, పెన్నులున్న జేబులో పెట్టుకున్నారు.

"మడిచేశాడు!" అని పెద్దావిడ చప్పట్లు కొట్టింది. "బాస్, ఇప్పుడు చాలని. ఇంక వడ్డించక్కర్లేదు."

ఆ ఏడాది పచ్చిక ఎండిపోయింది. నేను మాత్రం రోజూ దాని పక్కనుంచే నవ్వుకుంటూ ఆఫీసుకు వెళ్లాను.

మా బాస్ పద్ధతి ఆ తర్వాత మారిపోయింది. మావాళ్లకే కాదు, వియత్నాం నుంచి వచ్చినవాళ్లకూ, మెక్సికో కుటుంబాలకూ, చివరికి టెక్సాస్ రైతులకూ "కావాలా?" అని అడగడం మానేశాడు. ముందు పెకాన్ పై పెట్టించేవాడు. టెక్సాస్ రైతుల్లో కూడా సగం మందికి మొహమాటం ఉందని అప్పుడే తెలిసింది, దానికి వాళ్ల దగ్గర మాట లేదంతే. పెద్దావిడ మాత్రం వారానికి ఒకటి చాలడం లేదని గొణిగేది.

ఆ శుక్రవారం నేను మాస్టారినీ అమ్మాయినీ పార్కింగ్ దాకా సాగనంపడానికి వెళ్లాను. అమ్మాయి కారు స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతోంది. మాస్టారు కారు పైకప్పు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. కాలుతున్న రేకు అది, అయినా తీయలేదు.

"చెల్లెమ్మా" అన్నారు, నా వంక చూడకుండా. "మాకు నిజంగా కావాలమ్మా. ఆయనతో చెప్పలేకపోయాను గానీ... గడవట్లా."

ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదని నాకు తెలుసు. ఇంట్లో భార్యతో కూడా అని ఉండరు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేనేం చేస్తానో మా ఇంట్లో అందరికీ తెలుసు, అనవసరంగా మాట్లాడతాను. "రండి అన్నయ్యగారూ, మా ఇంట్లో భోంచేసి వెళ్దురు గాని" అనేశాను.

నిజం చెప్పాలంటే అది మాటవరసకు అన్న మాట. ఇంట్లో అన్నం మెతుకు లేదు. మా ఆయన ఊళ్లో లేడు. మాస్టారు ఎలాగూ, వద్దమ్మా, ఇప్పుడే తిన్నాం అంటారు, నేను ఇంకోసారి అంటాను, ఆయన మళ్లీ వద్దంటారు, అందరం ఎవరిళ్లకు వాళ్లం వెళ్తాం. మన పద్ధతి అదే కదా.

మాస్టారు నోరు తెరిచారు. "వ..." అన్నారు. ఆగారు. కారులోంచి కూతురు తల బయటపెట్టి చూస్తోంది.

"ఎస్" అన్నారు మాస్టారు. "ఏం వండావమ్మా?"

మొదటి పిలుపుకే ఒప్పుకోమని నేర్పింది నేనే. ఎవరితో చెప్పుకోను? దారిపొడవునా హైవే మీద వాళ్ల కారు నా వెనకే వస్తోంది. అద్దంలో చూసినప్పుడల్లా మాస్టారు నాకు చెయ్యి ఊపుతున్నారు. నేను మాత్రం అలమరలో ఏముందో గుర్తు తెచ్చుకుంటూ డ్రైవ్ చేశాను.

రవ్వ ఉంది. రెండు ఉల్లిపాయలున్నాయి. ఉప్మా చేశాను, హడావిడిలో ఉండలు కట్టింది. వృద్ధాశ్రమానికి ఫోన్ చేస్తే వదినగారు కూడా షిఫ్టు దిగి వచ్చేసింది, ఆ తెల్ల బూట్లతోనే. సంగతి చెబితే గుమ్మంలోనే కూర్చుండిపోయి, కూతురి తల నిమిరింది. తర్వాత అందరం వంటింట్లో నేలమీద కూర్చున్నాం. నేను గరిటె పట్టుకుని, అలవాటు ప్రకారం, మాస్టారి చేతులు ఎప్పుడు పళ్లానికి అడ్డం వస్తాయా అని చూస్తున్నాను.

రాలేదు. ఆయన పళ్లెం నా వైపు జరిపి, "ఇంకొంచెం వెయ్యమ్మా" అన్నారు.